క్షీరదాల బీజకణాలలో లింగ క్రోమోజోముల నిష్క్రియత – జన్యు నియంత్రణ

లింగ నిర్ధారిత వీర్యంతో కృత్రిమ గర్భధారణ చేయించే పాడి రైతులు తరచుగా అడిగే ప్రశ్న ఒకటున్నది: పెయ్యదూడనిచ్చే శుక్రకణాలను, మగదూడనిచ్చే శుక్రకణాలను విడదీయడం ఎందుకంత కష్టం? ఒక శుక్రకణంలో ఎక్స్, మరొకదానిలో వై క్రోమోజోము ఉన్నప్పుడు వాటి గుణాలలోనూ స్పష్టమైన తేడా ఉండాలి కదా అన్నది వారి సందేహం. దీనికి సమాధానంలో ఒక ముఖ్య భాగం వృషణాలలో, శుక్రకణోత్పత్తి నడిమధ్యలో లభిస్తుంది.

నిష్క్రియత రెండు విధాలు

ఆడ క్షీరదాల దేహకణాలలో రెండు ఎక్స్ క్రోమోజోములలో ఒకటి నిష్క్రియమై ఉంటుందని 1961లో మేరీ లయన్ ప్రతిపాదించారు. ఆడ, మగ జీవుల మధ్య ఎక్స్ జన్యువుల మోతాదును సమం చేయడం దీని ప్రయోజనం. అయితే ఆడ పిండంలోని ఆది బీజకణాలలో, క్షయకరణ విభజన ఆరంభమయ్యే నాటికి, నిష్క్రియమైన ఎక్స్ తిరిగి క్రియాశీలమవుతుంది. అందువలన అండమాతృకణంలో రెండు ఎక్స్‌లూ పనిచేస్తాయి.

మగ బీజకణాలలో జరిగేది దీనికి విరుద్ధం. ఉన్న ఒక్క ఎక్స్ క్రోమోజోము, దానితోపాటు వై కూడా, క్షయకరణ విభజనలోని పాకిటీన్ దశలో మూగబోతాయి. ఈ భావనను 1972లో లిఫ్షిట్జ్, లిండ్స్‌లీ ప్రతిపాదించారు. ఆడ జీవులలో నిష్క్రియతకు మూలమైన ఎక్స్‌ఐఎస్‌టీ ఆర్.ఎన్.ఏ. ఇక్కడ అవసరం లేదు. అంటే ఈ రెండింటి ఫలితం ఒకే విధంగా కనిపించినా యంత్రాంగాలు వేరు.

యంత్రాంగం

పాకిటీన్ దశలో సమజాత ఆటోసోములు పూర్తి పొడవునా సూత్రయుగ్మనం చెందుతాయి. ఎక్స్, వై క్రోమోజోములు మాత్రం కొనలలోని స్వల్ప భాగంలోనే జతపడతాయి. మిగిలిన భాగం ఒంటరిగా ఉండిపోతుంది. ఈ ఒంటరి భాగాన్ని కణం గుర్తించి బీఆర్‌సీఏ1, ఏటీఆర్ వంటి ప్రోటీనులను అక్కడికి చేరుస్తుంది. ఏటీఆర్ అనే ఎంజైము హెచ్2ఏఎక్స్ హిస్టోనుకు ఫాస్ఫేటును చేర్చగా, ఎండీసీ1 ప్రోటీను ఆ గుర్తును క్రోమోజోము అంతటా వ్యాపింపజేస్తుంది. ఫలితంగా అనులేఖనం నిలిచిపోయి, ఎక్స్, వై రెండూ కేంద్రకం అంచున ‘లింగ దేహం’గా ముడుచుకుంటాయి. గమనించవలసిన విషయమేమంటే, డీ.ఎన్.ఏ. తెగినప్పుడు మరమ్మతుకు వాడే సంకేతాలనే కణం ఇక్కడ జన్యువులను మూయించడానికి వినియోగించుకొంటున్నది. హెచ్2ఏఎక్స్ లేని మగ ఎలుకలు వంధ్యములు. ఆడ ఎలుకలు సంతానాన్ని ఇవ్వగలవు.

నిశ్శబ్దం లేకపోతే?

ఎలుకల వై క్రోమోజోముపై ఉన్న జెడ్‌ఎఫ్‌వై జన్యువులు పాకిటీన్ దశలో పనిచేస్తే ఆ కణం మరణిస్తుంది. కాబట్టి ఈ నిశ్శబ్దం కణానికి ప్రాణావసరం. మరోవైపు ఎక్స్‌పై కణానికి నిత్యావసరమైన జన్యువులూ ఉన్నాయి. గ్లూకోజు విచ్ఛిత్తికి కావలసిన పీజీకే1 అటువంటిదే. పరిణామక్రమంలో దీని ఆర్.ఎన్.ఏ. నుండి ఏర్పడిన ప్రతి ఒకటి ఆటోసోముపై స్థిరపడింది. అదే పీజీకే2. ఎక్స్ మూగబోయినప్పుడు శుక్రమాతృకణాలలో ఇది ఆ లోటును తీరుస్తుంది.

పశు ప్రజననంలో ప్రాధాన్యం

ఎక్స్ క్రోమోజోములోని ముక్క ఒక ఆటోసోముతో స్థానమార్పిడి చెందిన మగ క్షీరదాలు సాధారణంగా వంధ్యములు. అటువంటి ఆబోతు ఆడ సంబంధీకులలో అదే లోపం ఉన్నా సంతానోత్పత్తి కొనసాగవచ్చు గనుక వంశచరిత్ర మాత్రమే చూస్తే దోషం బయటపడదు. వీర్య కేంద్రాలకు ఎంపిక చేసే ఆబోతులకు క్రోమోజోము పరీక్ష జరపడానికి ఇదొక కారణం.

సంకరాలలోనూ ఇదే పోకడ కనిపిస్తుంది. హిమాలయ ప్రాంతంలో ఆవు, జడలబర్రెల సంకరంలో ఆడవి ఈనుతాయి, మగవి వంధ్యములు. తల్లిదండ్రులిద్దరిలోనూ క్రోమోజోములు 60 చొప్పునే ఉన్నందున సంఖ్యాభేదం దీనికి కారణం కాదు. మగవాటిలో శుక్రకణోత్పత్తి క్షయకరణ విభజన వద్ద ఆగిపోతుంది. ఎలుక ఉపజాతుల మధ్య పుట్టిన వంధ్య మగ సంకరాలలో ఎక్స్ జన్యువులు మూగబోవలసిన దశలో వ్యక్తమవుతున్నట్లు కనుగొన్నారు. సంకరాలలో లోపం ముందుగా అసమ లింగ క్రోమోజోములున్న లింగంలో తలెత్తుతుందని హాల్డేన్ 1922లో సూత్రీకరించిన నియమానికి ఇది ఒక వివరణ.

ఇక రైతు ప్రశ్నకు వద్దాం. విభజన ముగిసిన తరువాత కూడా లింగ క్రోమోజోములు చాలావరకు అణగియే ఉంటాయి. కొన్ని జన్యువులు మేల్కొన్నా, ఎదుగుతున్న శుక్రకణాలు జీవపదార్థ వంతెనలతో కలిసి ఉండి తమ ఉత్పన్నాలను పంచుకుంటాయి. అందుచేత ఎక్స్, వై శుక్రకణాల గుణాలు దాదాపు సమానమవుతాయి. మిగిలే నమ్మకమైన తేడా డీ.ఎన్.ఏ. పరిమాణమే: పశువులలో ఎక్స్ శుక్రకణంలో ఇది సుమారు 4 శాతం ఎక్కువ. రంజకద్రవ్యంతో ఈ తేడాను కొలిచి ఫ్లో సైటోమీటరుపై ఒక్కొక్క కణాన్ని వేరుచేయాలి. అందుకే ధర ఎక్కువ. అందుకే కచ్చితత్వం సుమారు 90 శాతం. పూర్తి సమానత్వానికి మినహాయింపులు లేకపోలేదు. ఎలుకల ఎక్స్ శుక్రకణాలలో మాత్రమే ఉండే గ్రాహకాలను ప్రేరేపించి వాటి వేగాన్ని తగ్గించవచ్చునని 2019లో హిరోషిమా విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు చూపారు. చౌకైన పద్ధతికి ఇది దారి చూపవచ్చు.

ముగింపు

లింగ నిర్ధారిత వీర్యం వాడినా మగదూడ పుట్టినప్పుడు రైతు తాను మోసపోయానని భావించడం సహజం. పదింట ఒకటి అలా పుట్టవచ్చునని, అది టీకా వేసినవారి తప్పిదం కానవసరం లేదని విస్తరణ శాస్త్రవేత్తలు ముందుగానే వివరించాలి. ఆ మాటకు ఆధారం బీజకణాల జీవశాస్త్రంలోనే ఉన్నది.