పడవలో కాపురము

ఇంగ్లండు కాలువలలోని పెక్కు లాకుల వెడల్పు సుమారు 7 అడుగులు మాత్రమే. అందుచేతనే అచ్చటి ఇరుకు పడవల వెడల్పు అంతకు మించదు. వానిలో కాపురముండగోరువారు పడవ వెనుక భాగమును మొదట పరిశీలింపవలెను.

పాత తీరు పడవకు వెనుక డెక్కు మిక్కిలి చిన్నది. లోపలి చోటు ఎక్కువ. చుక్కాని పట్టువాడు ద్వారమున నిలిచి చలి నుండి కొంత కాచుకొనును. 'క్రూజరు' తీరున డెక్కు విశాలము, నలుగురు నిలువవచ్చును. కాని వానగాలికి మరుగు లేదు. లోపలి చోటును తగ్గును. మూడవ తీరు ఈ రెంటికి నడుమది: డెక్కుకు ప్రక్కగోడలుండును, కప్పుండదు.

పడకగది వెనుక నున్నచో తడిసి వచ్చువాడు పరుపు ప్రక్కగానే నడువవలెను. వంటగది యున్నచో చుక్కాని కడకే వేడి తేనీరు అందును. వేసవి విహారమునకు పెద్ద డెక్కు ముచ్చటయే. ఏడాది పొడవునా నివసించువారికి శీతకాలమే పరీక్ష. కావున పడవ అందముకన్న తమ దినచర్యను తలచి ఎన్నుకొనుట మేలు.