కొత్త గాడ్జెట్ డిజైన్ చేస్తున్నారా? మేళ్లచెరువు టెస్ట్ పాస్ అవుతుందేమో చూడండి

కొత్త ప్రోడక్ట్ ఐడియా రాగానే మనలో చాలామంది ముందుగా ఆలోచించేది ఏ ప్రాసెసర్, ఎంత బ్యాటరీ, బాడీ ఏ రంగు అనే. కానీ స్పెసిఫికేషన్ల కంటే ముందు తేలాల్సింది ఒకటుంది: దాన్ని ఎవరు వాడతారు, ఎక్కడ వాడతారు? సూర్యాపేట జిల్లా మేళ్లచెరువునే తీసుకోండి. సున్నపురాయి, సిమెంట్ ఫ్యాక్టరీలు, లారీలు లేపే దుమ్ము, మండే ఎండ. ఏసీ గదిలో బాగా పనిచేసిన గాడ్జెట్ ఇక్కడ కూడా అలాగే పనిచేయాలంటే ఈ ఐదు విషయాలు చూసుకోవాలి.

1. అసలు సమస్య ఎవరిది?

దీనికి బెస్ట్ ఉదాహరణ ఉమ్మడి నల్గొండ జిల్లాలోనే ఉంది. ఆలేరు ప్రాంతానికి చెందిన చింతకింది మల్లేశం ఆరో తరగతితో చదువు ఆపేశారు. పోచంపల్లి తరహా చీరకి నేతకంటే ముందు ఆసు పోయాలి. అందుకోసం ఒక్కో చీరకి చెయ్యి దాదాపు 9,000 సార్లు అటూ ఇటూ ఆడించాలి. ఆ పనితో తల్లి లక్ష్మి భుజం నొప్పి పడటం చూసి, 1992లో యంత్రం తయారీ మొదలుపెట్టారు. అది పూర్తయింది 1999లో. నాలుగైదు గంటల పని గంటన్నరకి తగ్గింది. దానికి తల్లి పేరే పెట్టి లక్ష్మీ ఆసు యంత్రం అన్నారు. 2017లో పద్మశ్రీ వచ్చింది. ఇందులో ఖరీదైన టెక్నాలజీ కంటే పెద్ద విషయం, ఎవరి ఏ నొప్పి తగ్గించాలో ఆయనకి మొదటి రోజు నుంచే తెలియడం.

2. దుమ్ము

ఐపీ రేటింగ్‌లో మొదటి అంకె దుమ్ముకి, రెండోది నీటికి. ఐపీ68లో 6 అంటే దుమ్ము అసలు లోపలికి పోదు. ఐపీ54లో 5 అంటే కొంచెం పోవచ్చు, కానీ పని ఆగదు. చాలా ఇయర్‌బడ్స్ మీద ఐపీఎక్స్4 అని ఉంటుంది. ఆ ఎక్స్ అర్థం, దుమ్ముకి రేటింగ్ ఇవ్వలేదని! సిమెంట్ ఏరియాలో వాడే వస్తువుకి మొదటి అంకే ముఖ్యం.

3. వేడి

ఐఫోన్‌ని 0 నుంచి 35 డిగ్రీల వాతావరణంలో వాడమని ఆపిల్ చెబుతుంది. మన వేసవిలో నీడలోనే 40 దాటేస్తుంది. లిథియం అయాన్ బ్యాటరీ వేడికి తొందరగా ముసలిదైపోతుంది. అందుకే ప్రోటోటైప్‌ని బెంచ్ మీద కాదు, మే నెల మధ్యాహ్నం బైక్ హోల్డర్‌లో పెట్టి, చార్జింగ్, మ్యాప్స్ రెండూ ఆన్ చేసి చూడండి.

4. భాష

2018 ఫిబ్రవరిలో ఒక తెలుగు అక్షరం ఐఫోన్లని క్రాష్ చేసింది, గుర్తుందా? ‘జ్ఞ’ తర్వాత కంటికి కనపడని ఒక క్యారెక్టర్, దాని వెనుక దీర్ఘం. ఆ మెసేజ్ వస్తే చాలు, యాప్ మూతపడేది. ఆపిల్ అదే నెల 19న ఐఓఎస్ 11.2.6 ఇచ్చి సరిచేసింది. ఒత్తులు, గుణింతాలు, పొడవాటి పదాలు స్క్రీన్ మీద తెగకుండా కనిపిస్తున్నాయా? ఇది చివర్లో చేసే ట్రాన్స్‌లేషన్ పని కాదు, మొదటి నుంచే టెస్టింగ్‌లో ఉండాలి.

5. రిపేర్

ఇక్కడే అసలు చిక్కు. దుమ్ము, నీళ్లు పోకుండా గట్టిగా గమ్ పెట్టి సీల్ చేస్తే, బ్యాటరీ మార్చడం కష్టమవుతుంది. స్క్రూలు, రబ్బర్ గాస్కెట్ వాడితే విప్పడం తేలిక, కానీ మందం, ఖర్చు పెరగొచ్చు. రెండూ పూర్తిగా దొరకవు, ఏది వదులుకోవాలో మీరే తేల్చుకోవాలి. కోదాడలో ఒక మామూలు మొబైల్ షాపతను స్క్రూడ్రైవర్‌తో దాన్ని విప్పగలడా అని అడిగి చూడండి. లేదంటే రెండేళ్లకి బ్యాటరీ పోగానే కష్టపడి కొన్న వస్తువు మొత్తం చెత్తబుట్టలోకే.

కాబట్టి మొదటి ప్రోటోటైప్ రెడీ అవగానే యూట్యూబ్ అన్‌బాక్సింగ్ కంటే ముందు ఒక లారీ డ్రైవర్‌కి, ఒక రైతుకి వారం రోజులు ఇవ్వండి. ఎలా వాడాలో చెప్పకండి, పక్కన ఉండి గమనించండి. వాళ్లు ఎక్కడ ఆగిపోతారో, మీ తర్వాతి వెర్షన్ అక్కడి నుంచే మొదలవ్వాలి.