తల్లిని బిడ్డను వేఱుచేయరాదు

కానుపు స్త్రీకి పునర్జన్మమని మనవారందురు. ఆ మాట దేహమును గుఱించి పుట్టినదే గాని మనస్సును గుఱించి పుట్టినది కాదు. నొప్పులు రాగానే ఆసుపత్రికి పరుగెత్తు ఇంటివారే, పదియవ దినమున బాలింత నిద్ర మాని, తనలో తాను మాటలాడుకొనుచు, ఒడిలోని బిడ్డ తనది కాదనినచో వైద్యుని తలపరు. గాలి సోకినదని భూతవైద్యునికి కబురంపుదురు. లేదా పిచ్చిదని పుట్టింటికి పంపి బిడ్డను మాత్రము ఉంచుకొందురు. ఇట్టి తల్లుల చికిత్సకై కృషిచేసిన యొక వైద్యురాలిని గుఱించి నేడు ముచ్చటింతము.

బెంగుళూరులో నిమ్‌హాన్స్ అను పేర ప్రసిద్ధమైన జాతీయ మానసిక వైద్యసంస్థయందు డాక్టరు ప్రభా చంద్రగారు మానసిక వైద్యాచార్యులుగా దీర్ఘకాలము పనిచేసిరి. హెచ్.ఐ.వి. సోకినవారి మనోవ్యథను గుఱించి పరిశోధించిరి. మతి చలించిన స్త్రీలపై జరుగు లైంగిక బలాత్కారమును ఆ స్త్రీల నోటనే విని 2003లో తమ సహచరులతో గూడి ప్రకటించిరి. పిచ్చిదాని మాటకు విలువ యేమని లోకము త్రోసిపుచ్చిన సాక్ష్యమది. స్త్రీల మానసికారోగ్యమునకై యేర్పడిన అంతర్జాతీయ సంఘమునకు వారు అధ్యక్షత వహించుటయు జరిగినది.

అయినను వారి కృషిలో మిన్నయైనది 2009లో నిమ్‌హాన్స్‌లో నెలకొన్న తల్లీబిడ్డల విభాగము. దాని పరిమాణము చిన్నది, ఐదు పడకలే. కాని తల్లితోపాటు చంటిబిడ్డను కూడ చేర్చుకొందురు; ఇంటి స్త్రీ యొకరు తోడుండును. పాలిచ్చు తల్లికి ఏ మందు తగునో విచారించి యిత్తురు. బిడ్డ నెత్తుకొనుట, పాలు పట్టుట, ఏడ్చినపుడు ఊరడించుట మరల అలవఱతురు. బిడ్డకు అపాయము కలుగకుండ కనిపెట్టియుందురు.

ఈ భావము క్రొత్తది కాదు. సూతికోన్మాదమును గుఱించి ఫ్రెంచి వైద్యుడు మార్సే 1858లోనే పెద్ద గ్రంథము వ్రాసెను. ఇంగ్లండులోని కాసెల్ ఆసుపత్రిలో 1948లో తల్లితో బిడ్డను చేర్చుకొనిరి. మన దేశమున అది నెలకొనుటకు ఆఱు దశాబ్దములు పట్టినది.

సూతికోన్మాదము వేయి కానుపులలో ఒకరికో యిద్దరికో వచ్చును. తఱచు మొదటి రెండు వారములలోనే తలయెత్తును. స్వల్పమని తలపవలదు. ఏటా 50,000 కానుపులు జరుగు జిల్లాలో ఏఁబది నుండి నూరుమంది తల్లులన్నమాట. సకాలమున చికిత్స జరిగినచో పెక్కుమంది పూర్తిగా కోలుకొందురు. మఱుకానుపులో తిరుగబెట్టు భయము మెండు గనుక ముందుగనే వైద్యుని హెచ్చరింపవలెను.

బాలింతల దిగులు ఇంతకంటె చాల సాధారణము. గోవాలో జరిగి 2002లో ప్రకటితమైన పరిశోధనలో, కానుపైన ఆఱు నుండి ఎనిమిది వారములకు తల్లులలో నూటికి 23 మంది దానితో బాధపడుచుండిరి. పేదరికము, దాంపత్య కలహము, ఆడశిశువు పుట్టుట దానికి దోహదములని తేలినది. ఇందు దయ్యముల ప్రమేయమేమున్నది? ఆడపిల్ల పుట్టెనని మొగము ముడుచుకొను అత్తవారు, చేయిచేసుకొను మగడు మందుసీసాతో మాఱరు.

2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము ఇరువదియొకటవ సెక్షను ప్రకారము, చికిత్స పొందుచున్న తల్లినుండి మూడేండ్లలోపు బిడ్డను సామాన్యముగా వేఱుచేయరాదు. అపాయమని వేఱుచేసినచో పదునైదు దినముల కొకమారు పునర్విచారణ జరుపవలెను. చట్టము బాగున్నది. కాని పడకలు లేని చట్టము తల్లికేమి యూరట?

అనంతపురము, చిత్తూరు సీమలకు బెంగుళూరు పొరుగే. శ్రీకాకుళము, ఆదిలాబాదుల తల్లికి అది దూరదేశము. పెద్ద ప్రభుత్వాసుపత్రులలో రెండేసి పడకలైన ఇట్టి తల్లులకు ప్రత్యేకింపుడని ప్రభుత్వముల నడుగవలెను. 1987లో ఎడింబరో వైద్యులు ప్రకటించిన పది ప్రశ్నల పట్టికను టీకాల దినమున నర్సు అడిగిన చాలును, దిగులు ముందే బయటపడును.

మిగిలినది ఇంటి యజమానుల వంతు. కోడలు నిద్రమానిన మొదటి రాత్రియే మేలుకొనుడు. బిడ్డకు కావలసినది తల్లి. తల్లికి కావలసినది వైద్యము, ఆదరణము.