నీరు ముందా, నమ్మకం ముందా?

మన ఇళ్లలో బిడ్డ పుడితే నామకరణం చేస్తాం. ఆరో నెలలో అన్నప్రాశన చేస్తాం. మంత్రం బిడ్డకు అర్థం కాదు. సంకల్పం తండ్రి చెబుతాడు. అయినా ఆ సంస్కారఫలం బిడ్డకే చెందుతుందని మన విశ్వాసం. ఉపనయనం నాటికి మాత్రం తీరు మారుతుంది. గాయత్రిని వటువు తానే జపించాలి. కొడుకుకు బదులుగా తండ్రి జపిస్తే సరిపోదు. ఒకరి కోసం మరొకరు చేయగలది ఏది? ఎవరికి వారే చేసుకోవలసినది ఏది? మనకు చిరపరిచితమైన ఈ ప్రశ్నే మన పొరుగింటి క్రైస్తవులను శతాబ్దాలుగా రెండు దారుల్లో నడిపిస్తోంది.

ఒకే స్నానం, రెండు పేర్లు

శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల్లో ఆ రెండు దారులూ పక్కపక్కనే కనిపిస్తాయి. కథోలికులు ఈ సంస్కారాన్ని ‘జ్ఞానస్నానం’ అంటారు. శ్రీకాకుళం కేంద్రంగా వారికి 1993లో ప్రత్యేక మేత్రాసనం ఏర్పడింది. సాలూరు, పార్వతీపురం వైపు 19వ శతాబ్దం చివర జర్మనీ నుంచి లూథరన్ మిషనరీలు వచ్చారు. ఈ ఇరువురూ పసిబిడ్డలకు స్నానమిస్తారు. 1874లో కాకినాడలో పని ప్రారంభించిన కెనడా బాప్టిస్టులు తరువాత బొబ్బిలి, శ్రీకాకుళం, విజయనగరం వరకూ విస్తరించారు. వారి సంఘాల్లో ‘బాప్తిస్మం’ అన్నది ఎదిగిన వారికే.

కథోలిక దేవాలయంలో గురువు శిశువు తలపై ముమ్మారు నీరు పోసి పిత, పుత్ర, పవిత్రాత్మల నామాలు ఉచ్చరిస్తారు. బిడ్డ తరఫున తల్లిదండ్రులు, జ్ఞానతల్లిదండ్రులు విశ్వాసాన్ని ప్రకటిస్తారు. ఆదిపాపం ఆ నీటితో తొలగి, బిడ్డ దేవుని కుటుంబంలో చేరుతుందని వారి నమ్మకం. తల్లిపాల విలువ తెలియకుండానే బిడ్డ పాలు తాగుతుంది కదా, కృప కూడా అటువంటిదే అన్నది ఈ పక్షం భావన.

బాప్టిస్టుల మాట వేరు. యేసు యోర్దాను నదిలో స్నానం పొందింది పెద్దవాడైన తరువాతనే అని వారు గుర్తుచేస్తారు. పాపమంటే ఏమిటో, విశ్వాసమంటే ఏమిటో తెలిసి, నోరారా ఒప్పుకున్న వారినే నీట పూర్తిగా ముంచి లేవనెత్తుతారు. శిశువును సంఘం ముందుకు తెచ్చి ప్రార్థనతో దేవునికి ప్రతిష్ఠిస్తారే కాని బాప్తిస్మమివ్వరు. వారి దృష్టిలో బాప్తిస్మం రక్షణను తెచ్చేది కాదు, పొందిన రక్షణకు సాక్ష్యం మాత్రమే.

తెలుగు క్రైస్తవ కీర్తనకారుడు పురుషోత్తమ చౌధరి (1803–1890) బ్రాహ్మణ కుటుంబంలో జన్మించి, 1833లో కటకంలో బాప్తిస్మం పొందారు. అప్పటికి ఆయనకు ముప్పై ఏళ్లు. ఆ నిర్ణయం తల్లిదండ్రులది కాదు, పూర్తిగా ఆయనదే.

ఈ భేదం ఒకప్పుడు ప్రాణాలనే బలిగొంది. 1525లో జూరిక్ నగరంలో కొందరు శైశవ బాప్తిస్మం చెల్లదంటూ పెద్దయ్యాక మళ్లీ బాప్తిస్మం తీసుకున్నారు. వారిలో ఒకరైన ఫెలిక్స్ మాంజ్‌ను 1527లో నగర పాలకులు నదిలో ముంచి చంపించారు. ముంచిన వారూ, మునిగిన వాడూ ఒకే ప్రభువును కొలిచేవారే!

కన్నతల్లి ప్రశ్న

శాస్త్రచర్చ ఎలా ఉన్నా, అసలు ప్రశ్న కన్నతల్లిది. స్నానం పొందకుండానే బిడ్డ కన్నుమూస్తే ఆ బిడ్డ గతి ఏమిటి?

అటువంటి శిశువుకు స్వర్గప్రవేశం లేదనీ, అయితే శిక్ష అతి స్వల్పమనీ 5వ శతాబ్దంలో అగస్టీన్ బోధించాడు. మధ్యయుగ పండితులకు అది కఠినంగా తోచింది. బాధ లేకున్నా దైవదర్శన భాగ్యం కూడా లేని ‘లింబో’ అనే స్థితిని వారు ఊహించారు. ఎందరో తల్లులు ఆ ఊహ బరువును మోశారు. ప్రాణాపాయంలో ఉన్న శిశువుకు ఎవరైనా, చివరకు క్రైస్తవేతరులైనా, సంఘం ఉద్దేశించిన భావంతో జ్ఞానస్నానం ఇవ్వవచ్చునని కథోలిక సంఘం అనుమతించడం వెనుక ఉన్నదీ ఈ ఆరాటమే. 1992 నాటి కథోలిక ధర్మోపదేశ గ్రంథం అటువంటి శిశువులను దేవుని కరుణకు అప్పగించింది. వారికి రక్షణ కలుగుతుందని ఆశించడానికి బలమైన కారణాలున్నాయని 2007లో వాటికన్ వేదాంత సంఘం ప్రకటించింది. లింబో సిద్ధాంతం కాదు, ఒక అభిప్రాయం మాత్రమేనని స్పష్టం చేసింది.

మంచిచెడులు తెలియని పసివాడిపై దేవుడు దోషం మోపడని బాప్టిస్టులు చెబుతారు. మన ఆచారమూ ఆలోచించదగినదే. పళ్లు రాని శిశువును దహనం చేయం, భూమాత ఒడిలో ఉంచుతాం.

పిల్లి కూన, కోతి పిల్ల

మన శ్రీవైష్ణవంలోనూ ఇటువంటి చర్చే ఉంది. పిల్లి తన కూనను నోట కరచుకుపోతుంది. కూన చేసేదేమీ లేదు. ఇది తెంగలై వారి మార్జాలకిశోర న్యాయం. కోతి పిల్ల తానే తల్లిని గట్టిగా పట్టుకోవాలి. ఇది వడగలై వారి మర్కటకిశోర న్యాయం. శైశవ స్నానం మొదటి దానిని, ఎదిగినవారి బాప్తిస్మం రెండో దానిని స్ఫురింపజేస్తాయి. పోలిక అన్నివిధాలా సరిపోదు. బాప్టిస్టులు కూడా రక్షణ దేవుని కృపే అంటారు. అయితే దానిని చేయి చాచి అందుకోవాలంటారు. ఏ న్యాయం చూసినా తల్లి మాత్రం బిడ్డను విడిచిపోదు.

ఇంకొక విశేషం గమనించండి. పసితనంలో స్నానం పొందిన కథోలిక బిడ్డకూ పెరిగాక ‘భద్రమైన అభ్యంగనం’ ఉంటుంది. లూథరన్ బిడ్డ కూడా బోధ నేర్చి, తన విశ్వాసాన్ని తన నోటనే చెప్పాలి. కనుక రెండు దారులూ చివరకు చేరేది బిడ్డ సొంత అంగీకారానికే. నామకరణం నాడు మనమూ బిడ్డ తరఫున సంకల్పం చెబుతాం. ఆ సంకల్పం బిడ్డ సొంతం కావాలంటే, పీటల మీద చెప్పిన మాటను ఇంట్లో రోజూ ఆచరించి చూపవలసింది మనమే.