రాయిలోంచి వెలుతురు సాగేదాకా

ఒకనాడు వజ్రాల గనులకు పేరుమోసిన పరిటాల పరిసరాలు, విజయవాడ–హైదరాబాదు జాతీయ రహదారికి దగ్గరగా వెలసిన క్వారీలవల్ల, క్రషర్లవల్ల ఇప్పుడు కంకరకు పేరుపొందాయి. కాంక్రీటులో చేరిన కంకర దశాబ్దాలపాటు సిమెంటుతో పొసగి ఉంటుందా, లేక దానితో రసాయనిక చర్య జరిపి లోలోపలే పగుళ్లు పుట్టిస్తుందా అన్నది రాయి గట్టితనాన్ని బట్టి మాత్రమే తేలదు. అందుకు రాయిని వెలుతురు దూరి సాగేటంత పలుచగా అరగదీసి, గాజు పలకపై నిలిపి, సూక్ష్మదర్శిని కింద పరిశీలించాలి. పలుచని ఛేదం అనే ఈ పొర మందం 30 మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో నూరింట మూడు వంతులు మాత్రమే. కంకర శిలాపరీక్షకు భారతీయ ప్రమాణం ఐఎస్ 2386లో 8వ భాగాన్ని ప్రత్యేకంగా కేటాయించారు.

ఇంగ్లండులోని షెఫీల్డుకు చెందిన హెన్రీ క్లిఫ్టన్ సార్బీ 1849లో శిలల ఛేదాలు తయారుచేయడం మొదలుపెట్టినప్పుడు, పర్వతాలను సూక్ష్మదర్శినితో చూడడమేమిటని నవ్వినవారున్నారు; 1858లో ఆయన ప్రచురించిన వ్యాసం మాత్రం కొత్త శాస్త్రశాఖకే పునాది అయింది.

కొండపల్లి కొండల్లో కనిపించే చార్నొకైట్ శిలను ఉదాహరణగా తీసుకోవచ్చు. వజ్రపు అంచుగల రంపంతో రాతి ముక్కను బిళ్లగా కోసి, ఒక ముఖాన్ని కార్బోరండం పొడితో నున్నగా చదునుచేసి, ఆరబెట్టి, ఎపాక్సీ జిగురుతో గాలిబుడగ మిగలకుండా గాజు స్లైడుకు అతికిస్తారు. జిగురు గట్టిపడ్డాక బిళ్లలో ఎక్కువ భాగాన్ని కోసివేసి, మిగిలిన పొరను క్రమంగా మరింత సన్నని పొడితో అరగదీస్తారు. పనివాడి నైపుణ్యమంతా ఈ చివరి దశలోనే తెలుస్తుంది, ఎందుకంటే మరికొన్ని మైక్రాన్లు తీసేయబోయి చేయి ఒకవైపు బరువైతే ఆ అంచున రాయే మిగలదు. మందాన్ని కొలిచేందుకు రాయిలోని క్వార్ట్జ్ ఖనిజమే ఆధారమవుతుంది. ఒకే దిశలో కంపించే ధ్రువణ కాంతిని ఛేదం గుండా పంపి, పైన రెండవ ధ్రువకాన్ని అడ్డంగా ఉంచి చూస్తే, 60 మైక్రాన్ల వద్ద ఎర్రగా, 40 వద్ద పసుపుగా కనిపించే క్వార్ట్జ్ 30కి చేరేసరికి బూడిద, తెలుపు రంగుల్లోకి దిగుతుంది. పై ధ్రువకాన్ని తొలగించి సూక్ష్మదర్శిని పీఠాన్ని తిప్పినప్పుడు, ఆ శిలకు గుర్తింపునిచ్చే హైపర్‌స్థీన్ ఖనిజం లేత గులాబీ నుంచి లేత ఆకుపచ్చకు మారడం చూడదగిన దృశ్యం.

జగ్గయ్యపేట సున్నపురాయి మెత్తనిది కనుక త్వరగా అరుగుతుంది. దాని ఛేదంపై ఆలిజారిన్ అనే రంగు పూస్తే కాల్సైట్ ఎరుపెక్కుతుంది, మెగ్నీషియం కలిసిన డోలమైట్‌కు రంగు ఎక్కదు. మెగ్నీషియా మితిమీరకూడని సిమెంటు తయారీకి ఈ తేడా ఎంతో ముఖ్యం.

కాంక్రీటు మరింత ఓర్పు కోరుతుంది. గట్టి కంకర, మెత్తని సిమెంటు ముద్ద, గాలి ఖాళీలు ఒకేచోట ఉండడంవల్ల అవి ఒకే తీరున అరగవు, అంచులు రాలిపోతాయి. అందువల్ల ముందే శూన్యంలో గాలిని తోడివేసి, ప్రతిదీప్త రంగు కలిపిన ఎపాక్సీని ఆ ఖాళీల్లోకి ఇంకిస్తారు. సిమెంటులో నీరు తగలకూడని భాగాలు ఉంటాయి గనుక నీటికి బదులు నూనెతో అరగదీస్తారు, ఎక్కువ వేడి తగలనివ్వరు. సిమెంటు రేణువులు మరీ సన్నవి కాబట్టి మందాన్ని 20–25 మైక్రాన్లకు దించుతారు.

ఈ జాగ్రత్తలన్నీ నిజాయితీకి సంబంధించినవి. హిరాకుడ్, రిహాండ్ ఆనకట్టల కాంక్రీటును వేధించిన క్షార–సిలికా చర్యలో, సిమెంటులోని క్షారాలు కంకరలోని చురుకైన సిలికాతో కలిసి నీటిని పీల్చి ఉబ్బే జెల్‌గా మారి రాతినే చీల్చుతాయి. భూగర్భపు ఒత్తిడికి వికృతి చెందిన క్వార్ట్జ్ ఉన్న రాళ్లలో ఈ ముప్పు ఎక్కువ. రెండు ధ్రువకాలనూ అడ్డంగా ఉంచి పీఠాన్ని తిప్పినప్పుడు అటువంటి రేణువు ఒక్కసారిగా చీకటి కాక, చీకటి అలలా దానిమీదుగా జరుగుతుంది. ఛేదంలో కనిపించే పగులు నిర్మాణానిదో, అరగదీతలో పుట్టినదో తేల్చలేకపోతే నిర్దోషియైన కాంక్రీటుపై నింద పడుతుంది. నీలికాంతి కింద ఎపాక్సీ పసుపుపచ్చగా మెరిసే పగులు రంగు ఇంకించక ముందునుంచీ ఉన్నది. మెరవకుండా ఖాళీగా మిగిలినది ఆ తరువాత పనివాడి చేతిలో పుట్టినది.