వామి కింద గుంటనక్క

కళ్లం పక్కన చీకట్లో రెండు కళ్లు మిలమిలా మెరిస్తే చాలు... ‘అమ్మో, నక్క!’ అంటూ కర్ర అందుకుంటాం. ఆ కర్ర అందుకునే ముందు, అదెవరో, మన వామి దగ్గర దానికేం పనో ఒక్కసారి చూద్దామా?

అనంతపురం జిల్లాలో మా జేజి వాళ్ల పొలం పక్కనే పెద్ద వామిదొడ్డి ఉండేది. కార్తీకంలో వేరుశనగ కాయలు కోసేశాక మిగిలిన కట్టెనంతా అక్కడ వామి వేసేవారు. అడుగున చెమ్మ తగలకుండా బండరాళ్లు పేర్చి, వాటిమీద మొద్దులు పరిచి, ఆపైన కట్టె. ఎండాకాలం దాకా ఎద్దులకీ బర్రెలకీ అదే మేత. ఓ ఏడాది శివరాత్రి రోజుల్లో కట్టె పెరకడానికి వెళ్లిన జీతగాడు ఉత్త చేతులతో తిరిగొచ్చాడు. వామి కింద రాళ్ల సందులో ఏవో పిల్లలున్నాయన్నాడు. కుక్కపిల్లలేమో అనుకున్నాం. కాదు, గుంటనక్క పిల్లలు. మొత్తం మూడు.

మా చిన్నాయన పొగ పెడదామన్నాడు. జేజి ఒప్పుకోలేదు. ‘బిడ్డలతల్లి అది. ఆ పక్క ముట్టుకోవాకండి’ అని ఒకటే మాట. ఇక ఆ రోజు నుంచీ కట్టెను తూర్పు వైపు నుంచే పెరికారు. వామి ఒక పక్కకి ఒరిగిపోయింది. ‘వానొస్తే సగం మురిగిపోతుంది’ అని చిన్నాయన రోజూ గొణిగేవాడు. ఉగాది దాటాక ఓ పొద్దున చూస్తే పిల్లల్లేవు, తల్లీ లేదు, మకాం మార్చేశాయి. చిన్నాయన అన్నట్టే అకాల వాన కూడా వచ్చింది. బండెడు కట్టె నల్లబడి పోయింది. ఆ బండెడు కట్టె లెక్క ఇప్పటికీ మా ఇంట్లో తెగలేదు!

నక్క వేరు... గుంటనక్క వేరు

మనం మామూలుగా నక్క అనేది ఊరి చివర రాత్రిళ్లు గుంపుగా ఊళ వేసే జంతువుని. ఎనిమిది నుంచి పది కిలోల దాకా తూగుతుంది, చూడ్డానికి చిన్నసైజు తోడేలులా ఉంటుంది. పంచతంత్రంలోని కరటక దమనకులు ఈ జాతివే. గుంటనక్క అలాక్కాదు. బరువు రెండు మూడు కిలోలు, అంటే ఇంచుమించు ఇంట్లో పెరిగే పిల్లంత. సన్నటి కాళ్లు, పెద్ద చెవులు, బూడిద రంగు ఒళ్లు. గుర్తుపట్టడానికి తోక చూస్తే చాలు. ఒంట్లో సగానికి పైగా పొడవుండే గుబురు తోక, దాని కొసన సిరాలో ముంచి తీసినట్టు నలుపు.

ఇది అచ్చంగా మన ఉపఖండానికే చెందిన జంతువు. హిమాలయాల పాదాల నుంచి దక్షిణాది దాకా ఉంటుంది, మరెక్కడా కనిపించదు. చిక్కటి అడవంటే దానికి పడదు. బయలు నేల, గడ్డి బీళ్లు, మెట్ట చేలు కావాలి. అందుకే రాయలసీమ, పాలమూరు లాంటి చోట్ల రైతులకి బాగా తెలుసు. అడవి జంతువంటే అడవిలోనే ఉంటుందనుకునే మనలాంటి పట్నంవాళ్లకే తెలియదు. ద్రాక్షపళ్లు పుల్లన అన్న కథలోని నక్క కూడా నిజానికి ఈ కుటుంబందే. పాఠ్యపుస్తకాలు రెంటికీ ఒకే పేరు పెట్టేసరికి జిత్తులమారి అన్న అపవాదు ఇద్దరూ పంచుకోవాల్సి వచ్చింది, పాపం.

వామి దగ్గర దానికేం పని?

డిసెంబరు, జనవరిలో ఆడా మగా జత కడతాయి. యాభై రోజులు దాటాక, అంటే ఇంచుమించు ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ లోపు పిల్లలు పుడతాయి. సాధారణంగా రెండు నుంచి నాలుగు. తల్లి ఒక్కతే కాదు, తండ్రి కూడా వాటిని సాకుతుంది.

సరిగ్గా ఆ రోజుల్లో మన పొలాల్లో ఏం జరుగుతుంటుందో గుర్తు తెచ్చుకోండి. ఖరీఫ్ వేరుశనగ ఇంటికొచ్చేసి ఉంటుంది. కట్టె వామిలో ఉంటుంది. నల్లరేగడి నేలల్లో శనగ కోతలు నడుస్తుంటాయి. చేలో గింజ అయిపోయేసరికి ఎలుకలన్నీ కళ్లాలు, వాములు, కొట్టాలు వెతుక్కుంటూ వస్తాయి. ఎలుక ఎక్కడుంటే గుంటనక్కకి అక్కడే పని. పొలంగట్టు, కందకం ఒడ్డు, రాళ్ల కుప్ప... తవ్వడానికి అనువైన మట్టి, పక్కనే తిండి దొరికితే అక్కడే బొరియ. మనం వామి అనుకునేది దానికి నిండిన గాదె అన్నమాట.

ఎలుకలే కాదు, చెదలు, మిడతలు, పేడపురుగులు, తొండలు, ఎండ్రకాయలు, నేలమీద గూడు పెట్టే పిట్టల గుడ్లు... ఏది దొరికినా తింటుంది. రేగుపళ్లంటే ఇష్టం. లేత శనగ కాయల్ని కూడా రుచి చూస్తుంది. ఆ మాట దాచడం దేనికి? అరుదుగానైనా కోడిపిల్లని ఎత్తుకెళ్లిన సందర్భాలూ ఉంటాయి. అయితే చేనంతా కుళ్లగించి వేరుశనగ కాయలు మెక్కేది అడవిపందులు. మేకపిల్ల మీదికి వచ్చేది పెద్ద నక్క, లేదంటే తోడేలు. రెండు కిలోల జంతువు మేకపిల్లని ఏం చేయగలదు చెప్పండి? అయినా పొద్దున్నే కళ్లంలో అడుగుజాడలు కనిపిస్తే నేరం దీని నెత్తినే పడుతుంది.

తోక తొక్కితే అదృష్టమా?

ఉద్యోగం వచ్చినా, లాటరీ తగిలినా ‘నక్కతోక తొక్కొచ్చాడు’ అంటాం. మనం మాటతో ఊరుకున్నాం. తమిళనాడులోని సేలం జిల్లా వాళప్పాడి చుట్టుపక్కల కొన్ని ఊళ్లలో సంక్రాంతి రోజుల్లో గుంటనక్కని వల వేసి పట్టి, ఊరేగించి, అందరికీ చూపించి వదిలేసే ఆచారం ఉంది. చూస్తే ఆ ఏడాది పంటలు బాగా పండుతాయని నమ్మకం. అటవీశాఖ దాన్ని అడ్డుకుంటూ, పట్టినవాళ్లకి జరిమానాలు కూడా వేసింది.

ఇంకో నమ్మకం దీనికంటే చేటు. నక్క కొమ్ము! ఇంట్లో పెట్టుకుంటే సిరి వస్తుందని సంతల్లో గుట్టుగా అమ్ముతుంటారు. ఒక్కమాటలో చెప్పాలంటే, ఏ నక్కకీ కొమ్ముండదు. ఎముక ముక్కకి వెంట్రుకలు అతికించి చేసే మోసమది. అమ్మినా, కొన్నా మోసపోవడమే కాదు, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద కేసులో ఇరుక్కోవడం కూడా.

కుక్క, మందు, సోలారు

పొగ పెట్టేవాళ్లు ఇప్పుడు తగ్గారు. ముప్పు వేరే దారుల్లో వస్తోంది.

మొదటిది ఊరకుక్క. మహారాష్ట్రలోని సోలాపూర్ దగ్గర నాన్నజ్ గడ్డి మైదానాల్లో గుంటనక్కల మీద ఏళ్ల తరబడి పరిశోధనలు జరిగాయి. దగ్గర్లో కుక్క ఉందంటే చాలు, కళ్లముందు తిండి ఉన్నా గుంటనక్క సరిగా తినలేదని అక్కడ గమనించారు. దానికితోడు కుక్కల్లో ఉండే డిస్టెంపర్, పార్వో లాంటి జబ్బులు వీటికీ అంటుకోగలవు. పొలం కాపలాకని పెంచే కుక్కకి టీకాలు వేయిస్తే రెండు ప్రాణాలూ గట్టెక్కుతాయి.

రెండోది ఎలుకల మందు. బ్రోమోడయోలోన్ ఎర తిన్న ఎలుక వెంటనే చావదు. కొన్ని రోజుల పాటు లోపల్లోపల రక్తం కారుతూ, మందగించి, తూలుతూ తిరుగుతుంది. అలాంటి ఎలుక ఏ జంతువుకైనా సులువుగా దొరికే ఆహారం. దాన్ని తిన్న గుంటనక్క, గుడ్లగూబ, పిల్లి... అన్నింటి ఒంట్లోకీ ఆ మందు చేరుతుంది. ఎలుకల్ని తగ్గించడానికి పెట్టిన మందు ఎలుకల్ని తినేవాటినే తగ్గిస్తే లాభం ఎవరికి? కృష్ణా, గోదావరి డెల్టాల్లో యానాదులు బుట్టలు పెట్టి ఎలుకలు పట్టే పద్ధతిలో ఈ చిక్కు లేదు.

ఇక మూడోది నేల. కాగితాల మీద ‘బంజరు’ అని రాసి ఉన్న గడ్డి బీడు దానికి ఇల్లు. ఆ బీళ్లు ఒక్కొక్కటే చేలుగా, ప్లాట్లుగా, సోలారు పలకలుగా మారిపోతున్నాయి. ఒక్క ఉమ్మడి కర్నూలు జిల్లా గని-శకునాల ప్రాంతంలోనే 2017లో వెయ్యి మెగావాట్ల సౌర విద్యుత్ పార్కు వచ్చింది. కరెంటు వద్దని ఎవరూ అనరు. కాకపోతే బట్టమేక పిట్ట కోసం 1988లో ఏర్పాటుచేసిన రోళ్లపాడు అభయారణ్యం లాంటి గడ్డి భూములు మన దగ్గర ఎన్నున్నాయని? అక్కడ గుంటనక్కలూ ఉన్నాయి. బీడు పోయినకొద్దీ అవి మన వాముల వైపే చూస్తాయి మరి.

కనిపిస్తే ఏం చేయాలి?

పిల్లలున్న బొరియ కంటపడితే ఏమీ చేయక్కర్లేదు, ఆ పక్కకి వెళ్లకుండా ఉంటే చాలు. కుక్కని కట్టేయండి. పిల్లల్ని ఇంటికి తెచ్చి పాలు పట్టొద్దు, తల్లి దగ్గర్లోనే ఉంటుంది. ఎలుక బొక్కలకి పొగ పెట్టే ముందు ద్వారం చూసుకోండి. ఎలుక బొక్కలో గుప్పెడు పడుతుంది, గుంటనక్క బొరియలో తల దూరుతుంది, పైగా దానికి రెండు మూడు దార్లుంటాయి. కోళ్లని రాత్రిపూట గంప కింద మూసేస్తే సగం తగాదా తీరిపోతుంది.

ఒక్క విషయంలో మాత్రం జాలి పనికిరాదు. పట్టపగలు జంకు లేకుండా తూలుతూ మనుషుల మీదికి వచ్చే నక్క ఏదైనా సరే, రేబిస్ అనుమానించాల్సిందే. దగ్గరికి వెళ్లకుండా అటవీశాఖకి చెప్పాలి. కరిచినా, గీరినా పసుపూ కారం పూయొద్దు. ధారగా పడే నీళ్లతో, సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. టీకాలు చివరి డోసు దాకా వేయించుకోవాలి. చర్మం తెగి రక్తం వస్తే ఇమ్యునోగ్లోబ్యులిన్ కూడా కావాలి, అడిగి తీసుకోండి.

మొన్న సంక్రాంతికి ఊరెళ్లాను. జేజి లేదు, వామిదొడ్డి ఉంది. అదే చోట, అవే రాళ్లు. కాకపోతే కట్టె మీద నీలం టార్పాలిన్ కప్పారు. పక్కన మెత్తటి మట్టిలో పిల్లి అడుగుల్లాంటి చిన్న చిన్న జాడలున్నాయి, కానీ గోళ్ల గుర్తులు కూడా పడ్డాయి. పిల్లి నడిస్తే గోళ్లు పడవు. చిన్నాయనకి చూపించాను. ‘తెలుసులే, నెలనుంచీ తిరుగుతాంది’ అన్నాడు. కొట్టంలో విత్తనపు కాయల మూటల పక్కన ఎలుకల మందు పొట్లాలు కనిపించాయి. ఇదంతా చెప్పి, ఈ ఏడాదికి బోను పెట్టి చూడమన్నాను. ఆయన మూటలు లెక్కపెట్టాడు, కొరికేసిన గోతాన్ని తిప్పి చూపించాడు. ‘విత్తనం పోతే మళ్లీ ఎవరిస్తారు, మీ పేపరోళ్లా?’ అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. బస్సు టైమైందని బయల్దేరాను. నాలుగు రోజుల తర్వాత ఫోన్ చేశాడు, ఎలుక బోన్లు టౌన్లో ఎక్కడ దొరుకుతాయని.