జేబులో సినిమాస్కోప్

2019 ఫిబ్రవరిలో బార్సిలోనాలో జరిగిన మొబైల్ ఫోన్ల ప్రదర్శనలో సోనీ కంపెనీ ఒక పొడుగాటి ఫోన్‌ను బయటపెట్టింది. పేరు ఎక్స్‌పీరియా 1. ఎత్తు 167 మిల్లీమీటర్లు, వెడల్పు 72. నిలువుగా పట్టుకుంటే టీవీ రిమోట్‌లా కనిపించేది. అడ్డంగా తిప్పితే దాని ఉద్దేశం బోధపడేది. అచ్చంగా సినిమా హాలు తెర ఆకారం! 21:9 నిష్పత్తి, 6.5 అంగుళాల 4కే ఓలెడ్ తెర, అమెరికాలో ధర దాదాపు 950 డాలర్లు. అయిదేళ్లు తిరిగేసరికి, 2024 మేలో ప్రకటించిన ఎక్స్‌పీరియా 1 మార్క్ 6లో సోనీయే ఆ ఆకారాన్ని వదిలేసింది. పొడుగు తెర ఎందుకు పుట్టింది, ఎందుకు నిలవలేదు అన్నది లెక్కల్లో తేలే కథ. దాని మొదలు మాత్రం ఫోన్లకు చాలా ముందే ఉంది.

1890ల తొలినాళ్లలో ఎడిసన్ ప్రయోగశాలలో విలియం డిక్సన్ 35 మి.మీ. ఫిల్మ్ మీద ఒక్కో బొమ్మకు నాలుగు రంధ్రాల ఎత్తు కేటాయించాడు. అలా సినిమాకు 4:3 ఆకారం వచ్చింది. తరవాత పుట్టిన టెలివిజన్ కూడా దాన్నే తీసుకుంది. 1950ల నాటికి అమెరికాలో జనం ఇంట్లో టీవీకి అతుక్కుపోయి థియేటర్లకు రావడం తగ్గించారు. టీవీ ఇవ్వలేనిదేదో తెర మీద చూపించాలి. ట్వెంటియత్ సెంచరీ ఫాక్స్ సంస్థ ఫ్రెంచి శాస్త్రవేత్త ఆన్రీ క్రెత్యేన్ 1920ల్లో రూపొందించిన ఒక కటకాన్ని వెతికి పట్టుకుంది. అది విశాలమైన దృశ్యాన్ని అడ్డంగా సగానికి నొక్కి మామూలు ఫిల్మ్ మీదే ముద్రిస్తుంది. ప్రొజెక్టర్ దగ్గర మరో కటకం దాన్ని తిరిగి సాగదీస్తుంది. 1953లో ‘ది రోబ్’ చిత్రంతో సినిమాస్కోప్ తెరకెక్కింది. మొదట్లో 2.55గా ఉన్న వెడల్పు నిష్పత్తి, ఫిల్మ్ అంచున శబ్దానికి చోటు ఇవ్వాల్సి రావడంతో 2.35కు తగ్గి, చివరికి 2.39 దగ్గర స్థిరపడింది.

1959లో గురుదత్ తీసిన ‘కాగజ్ కే ఫూల్’తో సినిమాస్కోప్ భారతదేశానికి వచ్చింది. తెలుగులో తొలి సినిమాస్కోప్ చిత్రం 1974 నాటి కృష్ణ ‘అల్లూరి సీతారామరాజు’. అలాంటి చిత్రాలు టీవీలోకి వస్తే రెండే దారులు. పైనా కిందా నల్ల పట్టీలు వదలడం, లేదా పక్కలు కోసేయడం.

1980ల్లో హెచ్‌డీ టీవీకి కొత్త ఆకారం వెతుకుతున్నప్పుడు కెర్న్స్ పవర్స్ అనే అమెరికన్ ఇంజినీరు మధ్యేమార్గం చూపించాడు. వాడుకలో ఉన్న రకరకాల తెరల ఆకారాలను ఒకే వైశాల్యంతో కాగితం మీద గీసి, ఒకదాని మీద ఒకటి పేర్చి చూశాడు. అన్నిటినీ ఇముడ్చుకున్న చట్రం సుమారు 1.78, అంటే 16:9. గణితం ఇష్టపడేవారికి ఇక్కడొక సరదా ఉంది. 4/3ని వర్గం చేస్తే సరిగ్గా 16/9. ఘనం చేస్తే 64/27, అంటే 2.37. పాత టీవీ, కొత్త టీవీ, సినిమాస్కోప్ మూడూ దాదాపు ఒకే మెట్ల మీద ఉన్నాయి.

ఫోన్లు ఈ మెట్లన్నీ గబగబా ఎక్కేశాయి. 2007లో తొలి ఐఫోన్ 3:2. 2012లో ఐఫోన్ 5తో 16:9. 2017లో ఎల్‌జీ జీ6 18:9కి, శామ్‌సంగ్ గెలాక్సీ ఎస్8 18.5:9కి వెళ్లాయి. దీనికి సినిమా కన్నా మన అరచేయి ఎక్కువ కారణం. తెర పెద్దదవ్వాలి, చేతిలోనూ ఇమడాలి. వెడల్పు పెంచితే పట్టు తప్పుతుంది కనుక పెరిగితే ఎత్తే పెరగాలి. 5.5 అంగుళాల తెర ఉన్న ఐఫోన్ 8 ప్లస్ వెడల్పు 78 మి.మీ. ఉంటే, 6.5 అంగుళాల ఎక్స్‌పీరియా 1 వెడల్పు 72 మాత్రమే.

సోనీకి సినిమా కారణం కూడా ఉంది. సినిమా కెమెరాలు, స్టూడియోల్లో రంగులు సరిచూసే మానిటర్లు తయారుచేసేది ఆ సంస్థే. ఫోన్ తెర రంగులను ఆ మానిటర్ల ప్రమాణానికి దగ్గరగా దిద్దింది. సెకనుకు 24 ఫ్రేముల్లో, 21:9లోనే చిత్రీకరించే యాప్ కూడా ఇచ్చింది. అయితే 2019 మే నెలలో తన ఫోన్ల వ్యాపారం తగ్గించుకునే దేశాల జాబితాలో భారత్‌ను చేర్చడంతో మన మార్కెట్లోకి ఆ ఫోన్ రాలేదు. 21:9 తెరను ఇక్కడివారు కొన్ని నెలల్లోనే మోటరోలా వన్ విజన్ లాంటి చవక ఫోన్లలో చూశారు.

ఇప్పుడు అసలు మదింపు. ఫోన్ పెట్టె మీద వేసే అంగుళాలు తెర కర్ణం కొలత. కర్ణం ఒకటే అయినా ఆకారం సాగేకొద్దీ వైశాల్యం తగ్గుతుంది. 6.5 అంగుళాల 16:9 తెర వైశాల్యం 18 చదరపు అంగుళాలు. అదే కర్ణంతో 21:9 తెర 15.3 మాత్రమే. కొన్నవాడికి తెలియకుండానే 15 శాతం తెర తగ్గిపోయింది.

సినిమాస్కోప్ బొమ్మ ఈ పొడుగు తెర మీద ఇంచుమించు నిండుగా పరుచుకుంటుంది. 14.9 చదరపు అంగుళాల బొమ్మ, నల్ల పట్టీ పేరుకు మాత్రమే. కానీ యూట్యూబ్‌లో వచ్చే 16:9 వీడియో పెడితే పట్టీలు పక్కలకు మారతాయి. తెరలో 76 శాతమే వాడుకలోకి వస్తుంది, బొమ్మ 11.7కు కుదించుకుపోతుంది. నిలువు రీల్స్‌కైనా అంతే.

సోనీ తరవాత ఎంచుకున్న 19.5:9 ఆకారాన్ని అదే 6.5 అంగుళాల కర్ణంతో లెక్కవేస్తే సినిమాస్కోప్ బొమ్మ 14.6కు తగ్గుతుంది. నష్టం రెండున్నర శాతం, కంటికి ఆనదు. 16:9 బొమ్మ మాత్రం 13.2కు పెరుగుతుంది. లాభం 13 శాతం. రెండున్నర ఇచ్చి పదమూడు తీసుకునే బేరాన్ని ఎవరు కాదంటారు?

4కే సంగతీ ఇలాంటిదే. ఎక్స్‌పీరియా 1 తెరలో 3840 × 1644, అంటే 63 లక్షల పిక్సెళ్లు. అంగుళానికి 643. ఒక్కో పిక్సెల్ వెడల్పు 0.04 మి.మీ. 30 సెంటీమీటర్ల దూరంలో సాధారణ కంటిచూపు విడదీసి చూడగలిగేది సుమారు 0.09 మి.మీ. దాకే. కన్ను అడగని వివరం కోసం 3330 ఎంఏహెచ్ బ్యాటరీ ఉన్న ఫోన్ ఫుల్ హెచ్‌డీకి మూడింతల పిక్సెళ్లను మోసింది. మార్క్ 6లో పిక్సెళ్లు 25 లక్షలకు తగ్గాయి, బ్యాటరీ 5000కు పెరిగింది.

అలాగని పొడుగు తెరలో సుగుణం లేకపోలేదు. నిలువుగా పట్టుకుని పైన 16:9 వీడియో పెడితే, కింద మిగిలే చోటు ఇంచుమించు ఒక పాత 16:9 ఫోన్ తెరంత. పైన క్రికెట్ చూస్తూ కింద మామూలుగా సందేశాలు రాసుకోవచ్చు. కాకపోతే బొటనవేలు పై అంచుకు అందదు, కాబట్టి రెండో చెయ్యి కావాల్సిందే.

ఆ ఆకారం ఇంకా బతికే ఉంది. శామ్‌సంగ్ గెలాక్సీ జెడ్ ఫ్లిప్ లాంటి మడత ఫోన్లను విప్పితే తెర 21:9కి అటూ ఇటూగా ఉంటుంది. ఇక్కడ పొడుగుకు కారణం సినిమా కాదు. మధ్యకు మడిస్తే చిన్న జేబులో పట్టాలి, విప్పితే మామూలు ఫోన్ వెడల్పు ఉండాలి. రెండూ కుదరాలంటే పొడవు తప్పదు. కొత్త ఫోన్ కొనేవారు దుకాణంలో కర్ణం ఎన్ని అంగుళాలని అడిగాక నిష్పత్తి ఎంతో, ఫోన్ వెడల్పు ఎన్ని మిల్లీమీటర్లో కూడా అడగాలి. ఆ తరవాత, తాము రోజూ చూసే వీడియో ఒకటి పెట్టించి అది తెరలో ఎంత మేర నిండుతుందో చూసుకుంటే చాలు.